తిరుగు సిగ్నల్

పోయిన నెల పెద్దపల్లిలో మీటింగ్ ఉంది రమ్మన్నారు. దేశమంతటికీ కొత్త పాఠ్యప్రణాళిక వస్తోందట, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు కూడా మిగతా పిల్లల పక్కనే కూర్చుని చదువుకునేలా మారుస్తున్నారట, ముసాయిదా చూసి మా అభిప్రాయం చెప్పాలట. రిటైరైన నాలాంటి టీచర్లను కూడా పిలిచారంటే కుర్చీలు నిండలేదేమోననుకుంటూ బస్సెక్కాను. చాయ్, రెండు బిస్కెట్లు, ఒక కాగితాల కట్ట చేతికిచ్చారు. బాగానే రాశారు, అబద్ధమెందుకు. కానీ అయిదో తరగతి తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘గేయాన్ని పిల్లలు స్పష్టంగా, బిగ్గరగా చెప్పాలి.’ ఇల్లంతా కడిగి గుమ్మం మరిచిపోయినట్టు, అన్నీ మార్చి ఆ ఒక్క వాక్యాన్ని ఎక్కడిదక్కడే వదిలేశారు.

పదిహేనేళ్ల కిందటి మాట. బొగ్గుగని కార్మికుల సెంటినరీ కాలనీలో మా క్వార్టర్‌కూ పక్క క్వార్టర్‌కూ మధ్య ఒకటే గోడ. వాళ్లు పోపు వేస్తే మేం తుమ్మేవాళ్లం. ఆ ఇంటాయన బాయిలో, అంటే భూమి లోపలి గనిలో, బొగ్గు టబ్బుల్ని తాడుతో లాగే ఇంజన్ నడిపేవాడు. నాకు చుట్టమేం కాదు, అయినా నోరారా అక్కా అని పిలిచేవాడు. వాళ్లకొక్కతే బిడ్డ. రెండేళ్లప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. నా క్లాసులో చేర్చడానికి తీసుకొచ్చినప్పుడు, నాకు చెవిటి పిల్లలకు చెప్పడం రాదయ్యా అని తప్పించుకోబోయాను. ఆయన నవ్వాడు. “బాయిల మోతకు ఒక్కల మాట ఒక్కలకు ఇనబడుతదా అక్కా? లైటు ఊపి మాట్లాడుకుంటం. గంత మాత్రాన మేమందరం చెవిటోళ్లమా?” ఇంకో మాట కూడా చెప్పాడు. “సిగ్నల్ ఇచ్చినంక అవుతలోడు గదే సిగ్నల్ మళ్ల తిప్పి ఇయ్యాలె. తిరుగు సిగ్నల్ రాకముందే తాడు కదిలిస్తే పానాలు పోతయి.”

అక్షరాలకంటే ముందు బిడ్డకు ఆయన నేర్పింది అదే. నీళ్లు కావాలని చేత్తో చెప్పేది. తల్లి అదే సైగ తిరిగి చేసేదాకా చెంబు ముట్టేది కాదు. నా క్లాసులోనూ అంతే. వాన మీద నాలుగు పంక్తుల గేయముండేది, పిల్లా నేనూ కూర్చుని దానికి సైగలు కట్టుకున్నాం. మబ్బు, చినుకు, వాగు, మొలక. ఆమె ఒక పంక్తి చెప్పాలి, నేను అదే తిప్పి చెప్పాలి, అప్పుడు రెండో పంక్తి. నలభై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టేదాన్ని, ఆ పదేళ్ల పిల్ల చేతిలో తిట్లు తిన్నాను. నేను మొలక చేస్తే తేలులా ఉండేది. కడుపు పట్టుకుని నవ్వి, నా మణికట్టు పట్టుకుని సరిచేసేది.

అయిదో తరగతి చివర్లో ఒక తనిఖీ అధికారి వచ్చారు. ఈ పిల్ల మౌఖిక పరీక్షలో నెగ్గితే అందరితో పాటు ఆరో తరగతికి వెళ్తుంది, లేకపోతే దూరంగా ఉన్న హాస్టలు బడికి. రాత పరీక్షలన్నీ పాసయింది, చూడండి సార్ అన్నాను. నేను బతిమాలితే ఆయన సగం ఒప్పుకున్నారు. “సైగలతో చెప్పమనండి, అర్థం మీరు చెప్పండి. కానీ మీరు అందించొద్దు. చేతులు కట్టుకోండి.” కట్టుకున్నాను.

పిల్ల మబ్బు చూపించింది. మబ్బు కమ్మిందంటోంది సార్ అన్నాను. ఆమె ఆగింది. నా చేతుల వైపు చూస్తోంది. ఎందుకు ఆగిందో ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. సరిగ్గా అప్పుడే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు గడగడలాడాయి. అందరం అటు తిరిగాం, ఆమె తప్ప. ఆమె కళ్లు నా చేతుల మీదే ఉన్నాయి. నా జవాబు కోసం ఆగింది సార్ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అప్పటికి నాది కాంట్రాక్టు ఉద్యోగం, ఆ నెలే కొనసాగింపు కాగితం మీద ఆయన సంతకం పడాలి. అధికారి నా వైపు ఉరిమి చూశారు. నా చేతులు చంకల్లోకి ఇంకా బిగుసుకున్నాయి. “ఇంతేనా? ఒక్క లైనేనా వచ్చేది?” అన్నారాయన. నేను తల దించుకున్నాను. థూ, ఏం బతుకు! ఆయన సున్నా వేశారు.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన తండ్రికి నేనే చెప్పాను, దాచకుండా. “మీరు తిరుగు సిగ్నల్ ఇయ్యలేదా మేడం?” అన్నాడు. అక్కా అనలేదు. మళ్లీ ఎప్పుడూ అనలేదు. పిల్ల హాస్టల్లో మూడు నెలలుండి తిరిగొచ్చేసింది. బడి మాటెత్తితే తలుపేసుకునేది. ఇప్పుడు కాలనీ మార్కెట్లో జాకెట్లు కుడుతుంది. ఆ దుకాణం ముందు నుంచి పోకుండా నేను ఎదురు లైన్లోంచి తప్పుకుని నడిచేదాన్ని.

మీటింగ్‌లో లేచి నిలబడ్డాను. జరిగిందంతా చెప్పాను, నా పిరికితనంతో సహా. పిల్ల తనకొచ్చిన భాషలో చెప్పాలి, టీచరు ఆ భాషలోనే జవాబివ్వాలి, ఇది రాయండి అన్నాను. కుర్ర అధికారి గొంతు సవరించుకుని, “రాసియ్యండి మేడం, పైకి పంపుతం” అన్నాడు. రాసిచ్చాను. పైన ఎవరు చదువుతారో, ఏం చేస్తారో!

బస్సు దిగి ఇంటికి పోలేదు. తిన్నగా వెళ్లి ఆ కుట్టు దుకాణం ముందు నిలబడి, ఆ రోజు తిప్పి ఇవ్వని మబ్బును రెండు చేతులూ ఎత్తి చూపించాను. మిషను చక్రం ఆగింది. ఆమె నా చేతుల్నే చూసింది, ముఖం చూడలేదు. మరిచిపోయిందనుకుని సిగ్గుతో చేతులు దించబోయాను. అప్పుడు దారం పక్కన పెట్టి, వేళ్లతో చినుకులు రాల్చింది. తిప్పి ఇచ్చాను. వాగు. తిప్పి ఇచ్చాను. మొలక. నాది మళ్లీ తేలే అయింది. ఆమె నవ్వలేదు. లేచి వచ్చి, నా మణికట్టు పట్టుకుని సరిచేసి, వెళ్లి కుట్టుకోసాగింది.

ఈ పదిహేనేళ్లూ ఆ పిల్ల ఆరో తరగతి గుమ్మం ముందే ఆగి ఉంది. నేను మాత్రం రిటైరయ్యాను.