గుమ్మడికాయతో స్టేషను మెట్లెక్కాను

కాంతమ్మా, నీకు మళ్లీ జ్వరం రాలేదు కదా? అల్లుడుగారి దగ్గు తగ్గిందా? మీ అత్తగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి? పెద్దవాడు అన్నం తింటున్నాడా? చంటిదానికి విరేచనాలు కట్టాయా?

మిమ్మల్ని తీసుకురావడానికి నెల్లూరు వస్తానన్నానే గానీ, జ్వరం పడి లేచిన నీ చేత మోయించకుండా రైల్లో చంటిదాన్ని నేనెలా ఎత్తుకోవాలా అని నాకు ఒకటే దిగులు. పేము బుట్ట చూశాను. బుట్ట మోస్తే పెద్దవాడి చెయ్యి ఎవరు పట్టుకుంటారు? అందుకని ఈ రోజు చంటిదానంత బరువున్న గుమ్మడికాయ కొని, మీ నాయన పాత పంచెతో ఒంటికి కట్టుకుని, పెరంబూరు స్టేషను మెట్లెక్కాను. ముడి జారలేదు, రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి.

పైమెట్టు మీద పూలమ్మే ఆమె నన్ను ఆపింది. "ఏం అవ్వా, మొగం అట్టా మూసేస్తే బిడ్డకు ఊపిరాడొద్దా?"

"బిడ్డ కాదమ్మా, గుమ్మడికాయ."

"అయ్యో! మరి దానికి జో కొడతా ఉండావే!"

నిజమే, కొడుతూనే ఉన్నాను. నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ముఖం తెరిచి ఉంచాలని ఇంతమందిని పెంచిన నాకే తోచలేదు చూడు. పంచె కిందికి లాగి, మళ్లీ ఒకసారి ఎక్కి దిగాను. నీకు ఇంకేమైనా తోస్తే వెంటనే రాయి. పన్నెండో తేదీ బుధవారం పొద్దుటి బండికి ఆ పంచెతోనే వస్తున్నాను.