తోరా పుట్టినరోజు జెండా

మా వీధిలో ఎస్కిల్ కన్నుగప్పి ఏ జెండా ఎగరదు. రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరైన మనిషి. పొద్దుగుంకాక ఎవరి పెరట్లోనైనా జెండా కనిపిస్తే తలుపు తట్టి మరీ చివాట్లు పెడతాడు. మాకు ఒళ్లు మండుతుంది గానీ, ఆయన ఊళ్లో లేని రోజున ఏమీ తోచదు.

పక్కింటి బోదిల్‌తో మాత్రం ఆయనకు ఆగస్టు నుంచి మాటల్లేవు. ఆమె కూతురు తోరా సైన్యంలో నర్సు. తాలిబన్ల మీద యుద్ధానికి మా డెన్మార్క్ దళంతో అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్‌కు వెళ్తుంటే, "ఆ ఎడారిలో మనకేం పని? పిల్లను ఎలా పంపుతున్నావు?" అని అందరి ముందూ అరిచాడు. తోరాకు సైకిల్ నేర్పింది ఆయనే.

అక్టోబరులో తోరా పుట్టినరోజు వచ్చింది. ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా పెరట్లో జెండా ఎగరేయడం మా ఆనవాయితీ. ఆ పొద్దున ఎస్కిల్ కిటికీలోంచి చూస్తే, బోదిల్ పెరట్లో జెండా సగం స్తంభం దగ్గరే ఆగి ఉంది. ఎవరైనా పోతేనే మేమలా కడతాం.  ఆయన చావులకు వేసుకునే నల్లకోటు తగిలించుకుని వెళ్లాడు.

తలుపు తీసిన బోదిల్ ఆ కోటు చూసింది. చేతిలోని కేకు పళ్లెం జారిపోయింది.

"నీకెవరు చెప్పారు? నాకింకా ఎవరూ ఫోన్ చెయ్యలేదే!"

"నీ జెండానే చెప్పిందిగా!"

"జెండానా? తాడు బిగుసుకుపోయిందయ్యా! లోపల కేకు మాడుతుంటే అక్కడే కట్టేసి పరిగెత్తాను."

ఎస్కిల్ గడప మీద కూలబడ్డాడు. "తాడు మార్చమని వేసవిలోనే మొత్తుకున్నాను. చంపేశావు కదా నన్ను!"

"చంపింది నువ్వు! పుట్టినరోజు నాడు ఆ కోటేమిటి?"

ఇద్దరూ నవ్వారు, ఏడ్చారు. ఆయన కొత్త తాడు తెచ్చి కట్టి, జెండాను కొసదాకా ఎగరేశాడు. కానీ ఒకసారి జొరబడ్డ భయం పోదు కదా. మూడింటికి రావాల్సిన తోరా ఫోను రాలేదు. చెడని కేకు ముక్కలు ఏరుకుని, కాఫీ తాగుతూ ఫోను పక్కనే కూర్చున్నారు.

పొద్దుగుంకింది.

"జెండా దించవా?" అంది బోదిల్.

"పిల్ల ఫోను రానీ."

వీధి వీధంతా కిటికీల్లోంచి చూశాం. ఎవ్వరం వెళ్లి తలుపు తట్టలేదు.

అరగంట తర్వాత ఫోను మోగింది. బోదిల్ కాసేపు వలవలా ఏడ్చి, ఆయన చేతికిచ్చింది.

"మావయ్యా, లైను దొరకలేదు. అక్కడ చీకటి పడి ఉంటుందే, జెండా దించావా?"

"ఇదిగో, ఇప్పుడే దించుతున్నా తల్లీ," అన్నాడు ఎస్కిల్. ఫోను మాత్రం వదల్లేదు.