చూద్దాంగారి అయిదో అద్దం

కళ్ళజోళ్ళ షాపులో మా తమ్ముడిది చూపు పరీక్షించే పని. వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసేది నేను. ముప్పై ఒకటో ఏడు నడుస్తున్నా వాడికి పెళ్ళీ లేదు, ప్రేమా లేదు. ఏదడిగినా "చూద్దాం" అనే మాట ఒకటుంది. అందుకే ఇంట్లో వాణ్ణి చూద్దాంగారు అంటాం.

పనిలో మాత్రం మొనగాడు. అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇదా?" అని అడుగుతాడు. నాలుగు దాటనివ్వడు. "ఇంకా మారిస్తే కన్ను అలిసిపోతుందండీ, అన్నీ ఒకేలా కనబడతాయి" అని పెద్దవాళ్ళకి సైతం పాఠం చెబుతాడు. జేబులోంచి ఫోన్ తీసేసరికి ఆ తెలివంతా ఏ గంగలో దూకుతుందో! పరిచయాల యాప్‌లో అమ్మాయిల ఫొటోలు బొటనవేలితో పక్కకి తోస్తుంటాడు. ఒకామె పళ్ళు పెద్దవట, ఇంకొకామె చెప్పులు బాలేవట. తన బట్టతల మాత్రం వాడికి కనబడదు. ఎంచబోతే మంచమంతా కంతలే.

అలాంటివాడికి ఈత నేర్పే అమ్మాయి దొరికింది. ఆరుసార్లు కలిశారు. వాడు ఈల వేసుకుంటూ ఇంటికొస్తుంటే నాకూ ఆశ పుట్టింది. ఆ పిల్లకి నాన్చడం తెలీదు. "నువ్వంటే నాకిష్టం. కలిసి ఉందామా, వద్దా? శనివారంలోగా చెప్పు" అందట.

"చెప్పావా?" అన్నాను.

"వెంటనే చెప్తే లోకువైపోతామక్కా. అయినా ఫోన్‌లో ఇంకా ఎంతమంది ఉన్నారో! చూద్దాం."

నాకు ఒళ్ళు మండింది. ఈ తరానికి ప్రేమించడానికి కూడా స్నేహితుల కమిటీ కావాలి. మెసేజ్ రాస్తాడు, ముగ్గురికి చూపిస్తాడు, చెరిపేస్తాడు. శనివారం కాస్తా దాటిపోయింది. ఆదివారం "హాయ్" అని పంపాడు. జవాబు లేదు. "ఈకాలం అమ్మాయిలకి ఓపిక లేదక్కా" అని నిట్టూర్చాడు, వెధవ.

మంగళవారం ఆ పిల్లే షాపుకి వచ్చింది. ఈతకొలను గట్టున ఎవరో ఆమె కళ్ళజోడు తొక్కేశారట. దగ్గర్లో ఉన్న షాపు మాదొక్కటే.

"ఇది బాగుందా, ఇదా?" తమ్ముడు అద్దం మార్చాడు.

"రెండోది."

మూడోది వేశాడు, నాలుగోది వేశాడు. అయిదోది కూడా తీశాడు. వాడు నాలుగు దాటడం నేనెన్నడూ చూడలేదు. ఆమెని ఆ కుర్చీలో ఇంకాసేపు ఉంచాలని వాడి తాపత్రయం.

"రెండోదే అన్నాను కదండీ" అందామె నెమ్మదిగా. "అక్షరాలు కనబడుతున్నాయి. ఇంక మార్చకండి."

గురువారం వచ్చి తీసుకోమని చెప్పాను. వెళ్ళిపోయింది.

వాడు ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. అబద్ధమెందుకు, జాలేసింది.

"వెళ్ళి చెప్పరా. వీధి చివర కూడా దాటి ఉండదు."

లేచాడు. తలుపుదాకా వెళ్ళి ఆగాడు.

"గురువారం ఎలాగూ వస్తుంది కదక్కా. అప్పుడు చూద్దాం."

సాయంత్రానికల్లా అద్దాలు బిగించి, కొలను దగ్గరికి నేనే వెళ్ళి కళ్ళజోడు ఆమె చేతిలో పెట్టి వచ్చాను.

గురువారం వాడు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు.