ముల్లు చూపిన వేగం

అమెరికాలోని షాంటిలీలో కొత్తగా కాపురానికి వచ్చిన తెలుగు అమ్మాయిలకు డ్రైవింగ్ నేర్పాలంటే అందరూ విజయశ్రీ పేరే చెప్పేవారు. ఆమె తెనాలిలో సైకిలు కూడా తొక్కకుండా పెరిగింది. అమెరికా వచ్చిన కొత్తలో రెండేళ్లు అపార్ట్‌మెంట్ కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ గడిపి, చివరికి పట్టుబట్టి నేర్చుకుంది. అందుకే కాబోలు, స్టీరింగ్ పట్టుకుని వణికే పిల్లల్ని చూస్తే ఆమెకు విసుగు వచ్చేది కాదు.

"నీ భయాన్ని నమ్మకు, స్పీడు మీటరు ముల్లుని నమ్ము. ముల్లు లిమిట్ దాటనంతవరకు నీకేం కాదు," అని ప్రతి ఒక్కరికీ చెప్పేది.

2010లో పాత కారు మూలపడితే, ఆమె భర్త రవికాంత్ ఒక సెకండ్‌హ్యాండ్ ఎస్‌యూవీ కొన్నాడు. అంతకుముందు దాన్ని నడిపినవాడు ముచ్చటపడి పెద్ద టైర్లు వేయించుకున్నాడు. ఎక్కడానికి కాస్త కష్టమే అయినా, అంత ఎత్తున కూర్చుంటే రోడ్డంతా కనిపిస్తుందని విజయశ్రీకి అది నచ్చింది. అప్పట్నుంచి పిల్లలకి డ్రైవింగ్ కూడా దాన్లోనే నేర్పేది.

కొన్నాళ్లకి ఆ బండి ఆగాల్సిన చోట ఆగడం లేదనిపించింది. సిగ్నల్ దగ్గర తెల్ల గీత దాటి ముందుకు పోయేది. బ్రేకులు అరిగాయనుకుని కొత్తవి వేయించింది. అయినా అంతే. బరువైన బండి కదా అని సరిపెట్టుకుని, బ్రేక్ కాస్త ముందుగా తొక్కడం అలవాటు చేసుకుంది.

మరుసటి ఏడాది ఆగస్టులో డ్రైవింగ్ నేర్చుకోవడానికి దేదీప్య వచ్చింది. కరీంనగర్ పిల్ల. భర్త సాయి తేజ వారమంతా వేరే ఊళ్లో క్లయింట్ దగ్గర ఉండేవాడు.

"ఆంటీ, మస్తు స్పీడ్ పోతున్నట్టు అనిపిస్తుంది," అంది ఒకరోజు.

"ముల్లెంత చూపిస్తోంది?"

"ముప్పై ఐదు మైళ్లు."

"లిమిట్ అంతే కదా. మరి భయమెందుకు?"

అదే రోడ్డు పక్కన పోలీసులు పెట్టిన రాడార్ బోర్డు ఒకటి ఉండేది. ఎదురొచ్చే కారు వేగాన్ని పెద్ద అంకెల్లో చూపిస్తుంది. ఎస్‌యూవీ దగ్గరికి రాగానే అందులో నలభై వెలిగింది.

"ఆంటీ, నలభై అంటున్నది."

"అది ఎండకీ వానకీ పాడైపోయుంటుంది. నువ్వు నీ మీటరు చూసుకో."

ఆ రాత్రి ఈ సంగతి చెబితే రవికాంత్ నవ్వలేదు. "జీపీఎస్‌లో కూడా ఎక్కువే చూపిస్తోంది. మామూలుగా కంపెనీవాళ్లు మీటర్ని అసలు వేగం కన్నా కాస్త ఎక్కువే చూపించేలా పెడతారు. మనది తిరగబడి తక్కువ చూపిస్తున్నట్టుంది. ఎవరికైనా చూపించాలి," అన్నాడు. ఆ వారాంతం ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం. తర్వాతి వారం ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్. మాట అలాగే ఉండిపోయింది.

నవంబరులో సన్నగా జల్లు పడుతోంది. రోడ్డు మీద తడి ఆకులు మెరుస్తున్నాయి. దేదీప్య డ్రైవ్ చేస్తోంది, విజయశ్రీ పక్కన కూర్చుంది. లిమిట్ నలభై ఐదు. ముల్లు సరిగ్గా దాని మీదే ఉంది.

"ఆంటీ, కొంచెం స్లో చెయ్యనా? నాకు మంచిగ అనిపిస్తలేదు."

"వెనకాల బండ్లొస్తున్నాయమ్మా. ముల్లు మీదే ఉండు."

ముందు సిగ్నల్ పసుపు నుంచి ఎరుపుకి మారింది. విజయశ్రీ నేర్పిన చోటే దేదీప్య బ్రేక్ తొక్కింది. కాలికింద పెడల్ గరగరమని కొట్టుకుంది. బండి మాత్రం జారుతూనే ఉంది. తెల్ల గీత దాటింది. కూడలి మధ్యకి వెళ్లింది. ఎడమవైపు నుంచి వస్తున్న పికప్ ట్రక్కు దేదీప్య వైపు తలుపునే గుద్దింది.

విజయశ్రీకి మోచేయి గీరుకుంది, అంతే. దేదీప్యకు కటి ఎముక విరిగింది.

పోలీసు అడిగితే విజయశ్రీ గట్టిగానే చెప్పింది: "ఫార్టీఫైవ్. నేను కళ్లారా చూశాను." అతను రెండు బండ్లూ నలిగిన తీరు, ఆగిన చోటు చూసి, యాభై దాటే ఉంటారన్నాడు. అతివేగానికి జరిమానా టికెట్ దేదీప్య పేరున రాశాడు.

రెండు రోజుల తర్వాత సామాన్లు తెచ్చుకోవడానికి రవికాంత్, విజయశ్రీ దెబ్బతిన్న కార్లు ఉంచే టోయింగ్ యార్డ్‌కి వెళ్లారు. నలిగిన కారు తలుపు తెరిస్తే, లోపలి అంచు మీద ఏ సైజు టైరు వేయాలో కంపెనీ అంటించిన కాగితం ఉంది. రవికాంత్ వంగి టైరు మీది అంకె చదివాడు. రెండూ కలవలేదు.

"చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకీ ఎక్కువ దూరం పోతుంది. మీటరుకి ఆ సంగతి తెలీదు, పాత చక్రమే అనుకుని లెక్క వేస్తుంది. మన బండి యాభై దాటే పోయింది విజయా," అన్నాడు.

ఆమె వంగి ఆ టైరు మీద చెయ్యి పెట్టింది.

ఆసుపత్రికి వెళ్లి దేదీప్యకు అంతా చెప్పింది. ఆ పిల్ల పైకప్పు వైపు చూస్తూ వింది.

"అయితే నా భయమే కరెక్ట్ అన్నట్టు," అంది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది విజయశ్రీకి. రవికాంత్ టైర్ల కొలతలు తీసుకుని కోర్టుకి వెళ్లాక టికెట్ కొట్టేశారు. దేదీప్య వేసవికల్లా లేచి నడిచింది, కొంచెం కుంటుతూ. తర్వాత భార్యాభర్తలిద్దరూ జెర్సీ సిటీకి మారిపోయారు. రైళ్లుంటాయి, డ్రైవ్ చేయక్కర్లేదని.

విజయశ్రీ ఇక ఎవరికీ నేర్పలేదు. కానీ ఒక ఆలోచన ఆమెను వదల్లేదు. ఆ బండిలో నేర్చుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల ఒంటికి అలవాటైంది ముల్లు చూపిన వేగం కాదు, బండి పోయిన వేగం. ఆమె ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. చాలామంది తేలిగ్గా తీసుకున్నారు. చివరగా, డాలస్‌కి మారిపోయిన రాధారాణి ఎత్తింది.

"ఇప్పటికి రెండు టికెట్లు వచ్చాయి ఆంటీ. లిమిట్‌లో పోతే బండి పాకుతున్నట్టే ఉంటుంది నాకు. మా ఆయన రోజూ తిడతారు," అంది నవ్వుతూ. ఆమె గొంతు వెనక గాలి హోరు, టైర్ల రొద వినిపిస్తున్నాయి.

"ఎక్కడున్నావమ్మా?"

"హైవే మీద. స్పీకర్‌లో పెట్టాను, చెప్పండి. పాప వెనక సీట్లో పడుకుంది."

విజయశ్రీ రెండు చేతులతో ఫోన్ పట్టుకుంది.

"రాధా, ముల్లు ఎంత చూపిస్తోంది?"

"చూడలేదాంటీ. ఎందుకు?"

"చూడు. మెల్లగా తగ్గించు. తర్వాత పక్కకి తీసి ఆపు. అప్పుడు చెప్తాను."

రొద అలాగే సాగుతోంది. విజయశ్రీ వింటూ నిలబడింది. చాలాసేపటికి ఇండికేటర్ టిక్‌టిక్‌మని మొదలైంది.