నాలుగు నోళ్ళు, రెండు చేతులు

స్పాంజిని సబ్బునీళ్ళలో ఉతికి, నీడన ఆరబెట్టి, చిక్కటి నూనె పట్టిస్తుంటే ఒక వాసన వస్తుంది. పెట్రోలూ కాదు, ఆముదమూ కాదు. రెండూ కొట్లాడుకుని చివరికి రాజీపడ్డట్టుంటుంది. ఈ పొద్దున మహబూబ్‌నగర్‌లోని నా షెడ్డులో ఒక బండి ఎయిర్ ఫిల్టర్‌కు నూనె పిసుకుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. వెంటనే నా వీపు నిటారుగా అయింది. వెనక సుగుణక్క నిలబడి, "పిల్లకు తలంటినట్టు పిసుకురా. ఏ మూల ఇడిసిపెడితే గా మూలకెంచే దుమ్ము జొస్తది" అంటున్నట్టే అనిపించింది. అక్క పోయి కొన్నేళ్ళయింది. నా వీపుకు మాత్రం ఆ సంగతి ఇంకా తెలియదు.

భువనగిరి ఊరిచివర ఆమె షెడ్డు ఉండేది. ఎనిమిదో తరగతికల్లా నేను బడితోనూ, బడి నాతోనూ విసిగిపోయాక, అక్కడా ఇక్కడా పానాలు తిప్పి, చివరికి అక్క దగ్గర కుదురుకున్నాను. మొదట ఆమె ఆటోలకు సీట్లు కుట్టేది. షెడ్డులో సగం ఆమె కుట్టు మిషనుది, సగం ఆమె భర్త వెల్డింగుది. ఒకరోజు ఎవరో ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి, కొక్కెం సరిగా పడిందో లేదో చూడకుండా వదిలేశారు. ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాలీ ఊడి, వెనక సైకిలు మీద వస్తున్న అక్క భర్త మీదికి వచ్చింది. ఆయన అక్కడికక్కడే పోయాడు. దాని గురించి అక్క నాతో ఒక్కసారే మాట్లాడింది. "బిగించినోడు చాయ్ తాగబోయిండు రా యాదీ" అంది, అంతే. యాదీ అంటే నేనే. ఆదివారం చర్చికి పోయి వచ్చి, సోమవారం భర్త వెల్డింగ్ అద్దం తన ముఖానికి పెట్టుకుంది. అప్పటినుంచి షెడ్డులో ఒకే కట్టడి: ఏ బండికి ఏది బిగించినా, మొదటిసారి అది కదిలినప్పుడు బిగించినవాడు అందులో కూర్చోవాలి. నేను దాన్ని "అక్క శిక్షాస్మృతి" అనేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు. నా జోకులకు నవ్వని మనిషిని నేను చూసింది ఆమెనే. అందుకేనేమో ఆమె ముందు ఇంకా ఎక్కువ వేసేవాణ్ణి.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక వింత బేరం వచ్చింది. రవీందర్ అని, తిరుమలగిరి దిక్కు తోటలున్న ఆయన. మేం సేటు అని పిలిచేవాళ్ళం. ఇనుప గొట్టాల చట్రం, ఫైబర్ తొడుగు, చక్రాలు, స్టీరింగు అన్నీ ముక్కలుగా తెప్పించుకుని, బిగించి రెండు సీట్ల కారు చేసిమ్మన్నాడు. దానికి కారు ఇంజన్ కాదు, నాలుగు సిలిండర్ల పెద్ద మోటార్‌సైకిల్ ఇంజన్ పెట్టాలి. రోడ్డు మీదికి కాదు, తోట చుట్టూ, ఎండిన చెరువులో తిప్పుకోవడానికి. ఇంజన్ సీట్ల వెనక కూర్చుంది. చిక్కు గాలి దగ్గర వచ్చింది. మోటార్‌సైకిల్ మీద ఉన్నప్పుడు ఆ ఇంజన్‌కు ట్యాంకు కింద ఒక గాలిడబ్బా ఉండేది. కొత్త ఇంట్లో దానికి జాగా లేదు. మరి ఇది ఊపిరి ఎట్లా పీల్చాలి?

సేటుకు, గాలీ పెట్రోలూ కలిపే నాలుగు కార్బొరేటర్లకు నాలుగు తెరిచిన గొట్టాలు కావాలి. తలల వెనక వెండి బూరల్లా మెరవాలి, మోత ఊరవతలికి వినబడాలి. నాకూ అదే కావాలి, మరి మోతంటే నాకు ప్రాణం. అక్క మాత్రం కొత్త డబ్బా చేద్దామంది. నాలుగు కార్బొరేటర్లూ ఒకే డబ్బాలోంచి పీల్చాలి, డబ్బాకు ఒకే నోరు, ఆ నోరు చక్రాల దుమ్ముకు అందకుండా తలకంటే ఎత్తున ఉండాలి. దానికి దుమ్ము వడకట్టే రెండు పొరల స్పాంజి తొడుగు తనే కుడతానంది.

"అక్కా, నాలుగు నోళ్ళుంటే నాలుగు పాటలు పాడతది" అన్నాను.

"గా నాలుగు నోళ్ళు మూయాలంటే చేతులెన్ని ఉండాలె రా?"

"మూసుడెందుకక్కా, పాడనియ్యరాదు!"

ఆమెకు మూయడం ముఖ్యం. ఏ ఇంజన్ బిగించినా నడుస్తుండగా గాలి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టేది. ఇంజన్ చప్పున ఆగాలి. ఆగలేదంటే ఎక్కడో కంతలోంచి దొంగగాలి తాగుతోందన్నమాట. "మూస్తే ఆగంది మన మాట ఇనదు" అనేది.

డబ్బా చేశాం. పెట్రోలు పాళ్ళు కుదరడానికి కొంత తిప్పలు పెట్టినా, బండి బుద్ధిగా నడిచింది. చెరువులో తిప్పి చూపిస్తే సేటు మొహం చప్పబడింది. "గిది కుట్టుమిషన్ లెక్క అంటాంది సుగుణమ్మా. నా బండికి నా ఇష్టం ఉండదా? జర బూరలు పెట్టి సూపియ్యి, ఒక్కసారి. నచ్చకపోతే నువ్వు జెప్పినట్టే."

అక్క తల అడ్డంగా ఊపింది. నేను మధ్యలో దూరి, "ఒక్క సుట్టే గదక్కా, సేటు సంబురం సేటుది" అన్నాను. ఆమె నా మొహం చూసి, "సరే, బిగియ్యి. బిగించినోడివి నువ్వే, యాదుంచుకో" అంది. డబ్బా విప్పి, పెట్రోలు పాళ్ళు మార్చి, బూరలు నేనే బిగించాను. బిగిస్తూ ఈల కూడా వేశాను.

మధ్యాహ్నం ఎండ. సేటు స్టీరింగు పట్టుకున్నాడు, నేను ఎడమసీట్లో కూర్చున్నాను. చెరువు అవతలి ఒడ్డున పూడిక మట్టి తీసే కూలీ ఆడవాళ్ళు ట్రాక్టరు నీడన సద్ది విప్పుకుని కూర్చున్నారు. అక్క నీళ్ళ కోసం వాళ్ళ దగ్గరికి పోయింది. బండి లేచింది. ఏం మోత! చెవుల వెనకే నాలుగు బూరలు గాలిని గుంజుతుంటే ఒళ్ళంతా పులకరించింది. ఒక చుట్టు తిరిగాం. రెండో చుట్టులో, మేమే లేపిన దుమ్ములోకి మేమే దూరాం. పిండిలాంటి చెరువు మట్టి. బూరలు దాన్నీ మింగాయి.

మలుపులో సేటు యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తాడు. ఇంజన్ తగ్గలేదు.

"కాలు తియ్యి సేటూ!"

"తీసిన్రా! తీసినా ఉరుకుతాంది!"

మట్టి పడి కార్బొరేటర్ల లోపల గాలిని తెరిచి మూసే పలకలు తెరిచినకాడే బిర్రబిగిసిపోయాయి. బండి ముక్కు ట్రాక్టరు దిక్కు తిరిగి ఉంది. సేటు రెండు చేతులతో స్టీరింగును చంపేటట్టు పట్టుకుని, తిప్పడం మరిచిపోయాడు. క్లచ్చు మరిచాడు, బ్రేకు మరిచాడు. ముందు ఎర్రచీర ఒకటి లేచి నిలబడటం కనబడింది. చేతిలో అన్నం గిన్నె. తాళంచెవి నా మోకాలికి జానెడు దూరంలో వేలాడుతూనే ఉంది. అది నాకు కనబడనే లేదు. నాకు గుర్తొచ్చింది ఒకటే: మూస్తే ఆగుతుంది. బెల్టు విప్పి, సీటు మీద వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద లేచి, రెండు అరచేతులూ రెండు బూరలకు అదిమాను. చర్మాన్ని లోపలికి గుంజింది. ఇంజన్ కుంటింది, దగ్గింది, కానీ ఆగలేదు. మిగతా రెండు నోళ్ళు పాడుతూనే ఉన్నాయి. నా దగ్గర చేతులు అయిపోయాయి.

"లెవ్వుండ్రి! ట్రాక్టరెనకకు ఉరుకుండ్రి!" అక్క అరుపు వినబడింది. రెండు సిలిండర్లతో బండి నెమ్మదించి, తవ్విపోసిన మెత్తటి మట్టికుప్పలో ముందు చక్రాలు దిగబడ్డాయి. దిగబడినా వెనక చక్రాలు తోస్తూనే ఉన్నాయి. అక్క కొంగు దోపుకుని, బండికి ఎదురుగా కాదు, పక్కనుంచి ఉరికొచ్చి, లోపలికి వంగి తాళం తిప్పింది.

ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ట్రాక్టరు చక్రం మా ముక్కుకు మంచమంత దూరంలో ఉంది. సద్ది మూటలు మట్టిలో పడి ఉన్నాయి. మనుషులు అందరూ ఉన్నారు.

అక్క తిట్టలేదు. ముందు ఆ ఆడవాళ్ళ దగ్గరికి పోయింది. "అవ్వా, తప్పయింది. మా తప్పే" అంది. వాళ్ళలో పెద్దామె, "తప్పయితే అన్నం దెచ్చియ్యి బిడ్డా, ఆకలి మీదున్నం" అంది. ఎవరో నవ్వారు. ఆ మాట నేను అనాల్సింది. అక్క నీళ్ళసీసా మూత తిప్పబోయింది. వేళ్ళు జారిపోయాయి. మూత రాలేదు. నేను తీసిద్దామంటే నా అరచేతుల్లో రెండు ఎర్రటి గుండ్రటి మచ్చలు. ఇద్దరం ఆ మూతను చూస్తూ కూర్చున్నాం. చివరికి పెద్దామే తీసిచ్చింది.

సేటు అన్నాలు తెప్పించాడు. అందరూ తిన్నాక, అడగకుండానే, "డబ్బా పెట్టుండ్రి" అన్నాడు.

భువనగిరికి తిరిగివచ్చేటప్పుడు డీసీఎం వ్యానులో నేను ముందుగా నోరు తెరిచాను. "అక్కా, తాళమనేదొకటి ఉంటదని జెప్పకపోతివి."

ఆమె నవ్వలేదు. "మన కట్టడే తప్పు రా యాదీ" అంది. "నువ్వు పోరనివి, మోతకు ఆశపడ్డవ్. బిగియ్యమన్నది నేను. వద్దని తెలిసి బిగియ్యమన్న. నిన్ను కూసోబెట్టి నేను నీళ్ళు తాగబోయిన. గా ట్రాలీ బిగించినోనికి, నాకు ఏం ఫరఖున్నది?"

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి ఎత్తింది. "ఇగ నుంచి బిగించినోడు కాదు, బిగియ్యనిచ్చినోళ్ళు కూసోవాలె."

ఆ తర్వాత నేను ఆమె దగ్గర ఉన్నన్నాళ్ళూ, షెడ్డులోంచి ఏ బండి కదిలినా ఎడమసీట్లో అక్కే. మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ ఎక్కేది. "అక్కా, నీకు డ్రైవర్ పక్కన రిజర్వేషన్ చేయించినం" అనేవాణ్ణి. సీట్లో గద్దె మీద కూర్చున్నట్టు సర్దుకుని, "నోరు మూసుకొని తాళం దిప్పు" అనేది. ఆమెను మట్టిలో పెట్టిన రోజు సేటు ఆ కారులోనే వచ్చాడు. ఊళ్ళోకి తేకూడని బండి. దాన్ని సమాధుల తోటకు చాలా దూరంలోనే ఆపి నడిచి వచ్చాడు. తలకంటే ఎత్తున, ఆమె కుట్టిన స్పాంజి తొడుగుతో ఒకే నోరు.

ఇప్పుడు నాకూ ఇలాంటి బండ్లే వస్తాయి. సెల్‌ఫోన్లలో చూసి, తెరిచిన బూరలే కావాలంటారు. నేను దుమ్ము గురించి చెబుతాను, డబ్బా చూపిస్తాను, జోకులు వేస్తాను. కొందరు వింటారు. విననివాళ్ళు వేరే షెడ్డు చూసుకుంటారు, సంతోషంగా పంపిస్తాను. ఈ పొద్దున నూనె పట్టించిన బండికి డబ్బా బిగించింది నేను కాదు, నా దగ్గర పనిచేసే సలీం. మంచి పనివాడు, నాకంటే శుభ్రంగా బిగిస్తాడు. ఇంజన్ నడిపించి, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాను. చప్పున ఆగింది. సలీం డ్రైవర్ సీటు ఎక్కుతూ, "నువ్వెందుకన్నా, ఎండల? నేను ఒక్కసుట్టు కొట్టొస్త" అన్నాడు.

ఎడమసీట్లో కూర్చున్నాను. బెల్టు పెట్టుకున్నాను. చెయ్యి చాపి, తాళం అందుతుందో లేదో చూసుకున్నాను. అందింది.

"పోనియ్" అన్నాను.