మూడుంపావు అంగుళాల పొరపాటు

2022 వేసవి. మచిలీపట్నంలో మా రేకుల షెడ్డు. ఒకప్పుడు అందులో ఆరుగురం కూర్చుని కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లం. ఒక్కొక్కరే వేరే పనుల్లోకి వెళ్లిపోయారు, నేనొక్కణ్ణే మిగిలాను. అచ్చుల పని తగ్గాక గిటార్ల రిపేర్లు పట్టాను. తర్వాత గిటార్లు చెయ్యడమే మొదలుపెట్టాను. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. గ్రంథాలయంలో దొరికిన ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు వర్షాకాలాలు చదివాను. కొలతలన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నాను. పదో తరగతి తప్పినవాణ్ణి, ఆ నోట్‌బుక్ అంటే నాకు గర్వంగానే ఉండేది.

దయానందం మాస్టారిది అవనిగడ్డ దగ్గర పల్లె. రిటైరైన టీచరు. ముప్పై ఏళ్లపాటు వాళ్ల చర్చిలో పాట ఎత్తుకున్నది ఆయనే. గొంతుకి ఆపరేషన్ అయ్యాక మాట ఊపిరిలా మిగిలింది. వంగి చెవి పెడితేగానీ వినపడేది కాదు.

"ఆర్చ్‌టాప్ కావాలయ్యా ఖాదరూ. కరెంటుతో పని లేనిది. పాడుకోవాలి," అన్నారు.

ఆర్చ్‌టాప్ అంటే పైచెక్కను వయొలిన్‌లా ఉబ్బుగా చెక్కిన గిటారు. దానికి ముందే తేల్చుకోవలసినవి రెండు. ఒకటి బాడీ డెప్త్, అంటే పెట్టె లోతు. లోతు పెరిగేకొద్దీ కింది స్వరాలు గుమ్మంటాయి. రెండోది టాప్ థిక్‌నెస్, అంటే పైచెక్క మందం. మందంగా ఉంటే గట్టిగా మీటితేగానీ పలకదు. పలచనైతే వేలు తగిలితే చాలు, కానీ మరీ పలచనైతే తీగల ఒత్తిడికి కుంగిపోతుంది.

"మీ చర్చిలో ఎంతమంది కూర్చుంటారు మాస్టారూ?"

"ఆదివారమైతే రెండొందల దాకా."

మైకు లేకుండా అంతమందికి వినపడాలంటే పెట్టె లోతుగా ఉండాలని పుస్తకంలో ఉంది. వెంటనే మూడుంపావు అంగుళాలని రాసేశాను. ఆయన ఏదో అనబోయారు. నేను మాత్రం చదివినదంతా ఆయనకి చెప్పుకుంటూ పోయాను.

వీణలకి వాడే పనసచెక్కతో వెనకభాగం చేశాను. పైచెక్కకి స్ప్రూస్ అనే తేలికపాటి విదేశీ కలప. దాని అంచుల్ని పలచన చేస్తూ అయిదు మిల్లీమీటర్ల మందం దగ్గర ఆగిపోయాను. అచ్చులో ఒక్క గీత ఎక్కువ తెగితే దిమ్మంతా పారేయాల్సిందే. అందుకని కాస్త మిగిల్చి ఆగడం నా చేతికి అలవాటు.

నాలుగు నెలలకి మాస్టారు ఒక్కరే బస్సు దిగి వచ్చారు. స్టూలు మీద కూర్చుని బొటనవేలితో మెల్లగా మీటారు. పలకలేదు. గట్టిగా మీటారు. షెడ్డంతా గుమ్మంది. పాట ఎత్తుకున్నారు. పెదవులు కదలడం కనిపించింది, పాట మాత్రం వినపడలేదు. సగంలో ఆపేశారు.

"పెళ్లి బ్యాండులా ఉందయ్యా," అని నవ్వారు. "బాగా చేశావు. తీసుకెళ్తాలే."

"చర్చిలో అయితే సరిపోతుందండీ..."

"చర్చిలో ఇప్పుడు కుర్రాళ్లు పాడుతున్నారు. నేను వెనక బల్ల మీద కూర్చుని పెదాలు కదుపుతాను. ఇంట్లో ఒక్కణ్ణే. నా పాట నేను విని రెండేళ్లయిందయ్యా."

"ఆరోజే చెప్పకపోయారా మాస్టారూ!"

"నువ్వు ఎంతమంది కూర్చుంటారని అడిగావు. అడిగినదానికి చెప్పాను."

గిటారు ఇవ్వలేదు. ఆయన వెళ్లాక వేడి కత్తితో జిగురు కరిగించి వెనకచెక్క ఊడదీశాను. పక్కచెక్కల్ని చిత్రిక పట్టి, లోతు రెండున్నర అంగుళాలకి తగ్గించి మళ్లీ అతికించాను. అది తేలిక పని. అసలు భయం పైచెక్కతోనే. తీసిన చెక్కను మళ్లీ పెట్టలేం. ఎక్కడ ఆగాలో నోట్‌బుక్‌లో అంకె ఉంది, మాస్టారి గొంతు లేదు.

అప్పుడు అచ్చుల పనే గుర్తొచ్చింది. అచ్చు చెక్కేటప్పుడు మధ్యమధ్యలో గుడ్డ మీద ఒక ముద్ర వేసి చూసుకుంటాం. మాస్టార్ని మళ్లీ రమ్మన్నాను. మూడు రోజులు పొద్దున బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్లారు. నేను అంచుల్ని కాస్త గీకడం, తీగలు బిగించడం, ఆయన పాడి చూడడం.

"నీకీ షెడ్డులో ఎవరూ తోడుండరా?" అని అడిగారు రెండో రోజు.

"ఉండరండీ."

"మరి ఎవరితో మాట్లాడతావు?"

"పుస్తకాలు చదువుకుంటాను."

"అవి ఎదురు చెప్పవులే, నీకు హాయి," అన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం బొటనవేలు ఊరికే ఆనిస్తే తీగ పలికింది. ఆయన కళ్లు మూసుకుని పాడారు. పాట పూర్తయింది. బల్లకి ఇవతల ఉన్న నాకు గిటారు సన్నగా వినిపించింది, ఆయన గొంతు వినపడలేదు. ఇంకొంచెం తీస్తే గిటారు ఇంకా మెత్తగా పలికి, ఆ గొంతు నాకూ వినపడుతుందేమోనని గీకుడు రేకు అందుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"చాలయ్యా. నాకు వినపడుతోంది."

అంచు కొలిచి చూశాను. మూడున్నర మిల్లీమీటర్లు. నోట్‌బుక్‌లో ఆ కొలత రాసుకున్నాను, మాస్టారి పేరుతో.

ఇప్పుడు ఎవరొచ్చి గిటారు చెయ్యమన్నా నోట్‌బుక్ తెరిచే ముందు ఒకటే అడుగుతాను. "ఇది ఎవరికి వినపడాలండీ?" చాలామంది వెంటనే చెప్పలేరు. స్టూలు చూపించి కూర్చోమంటాను. వాళ్లు చెప్పేదాకా ఇంకేమీ మాట్లాడను.