గుంటలు కలపనివ్వని మా బావ కంప్యూటర్

నిన్న మా మనవరాలి ల్యాప్‌టాప్‌లో నా పాత ఫైలు ఒకటి తెరవబోతే, ఇందులో మాక్రోలు ఉన్నాయి, ప్రమాదం, అందుకే ఆపేశాను అని పైన ఒక ఎర్ర పట్టీ వచ్చింది. ఆపమని దానికి ఎవరు చెప్పారండీ? నన్ను ఒక్క మాట అడిగిందా? ఆ మాక్రో, అంటే కంప్యూటర్ చేత వరసగా లెక్కలు చేయించే ఆదేశాల చిట్టా, నేను రాసిందే. ఏ కాలేజీకీ పోకుండా, ఒక ఇంగ్లీషు పుస్తకం పక్కన నిఘంటువు పెట్టుకుని, కళ్ళు పోగొట్టుకుని నేర్చుకుని రాసింది. నన్ను పట్టుకుని ప్రమాదమంటుందా! ఈ మంట మన ఈడు వాళ్ళకే అర్థమవుతుంది. పిల్లలకు చెబితే సేఫ్టీ తాతా అంటారు. ఆ సేఫ్టీ పేరుతో నన్ను మొట్టమొదట గడప దగ్గర ఆపినవాడు మా బావ.

తొంభైల చివరి సంగతి ఇది. ఎల్లారెడ్డిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేవాణ్ణి. మా యజమాని ముచ్చటపడి ఒక పాత కంప్యూటర్ కొని, తెచ్చాక దాన్ని ముట్టుకోవడానికి భయపడి నాకు అప్పగించాడు. ప్రింటరు మాత్రం లేదు. అది కావాలంటే కామారెడ్డిలో కంప్యూటర్ సెంటర్ నడిపే మా బావ, అంటే మా అక్క మొగుడు, ఆయన దగ్గరికి పోవలసిందే.

ఆ యాసంగిలో, అంటే రబీ పంటప్పుడు, మా మేనమామల్లో నడిమాయన పొలం నెర్రెలు పట్టింది. ముగ్గురన్నదమ్ములకు ఒకటే బావి, ఒకటే మోటారు. ఎవరికి ఎంత భూమి ఉంటే మోటారు వంతు అంతసేపు. పెద్దాయనకూ చిన్నాయనకూ నిండు ఎకరాలు. నడిమివాడైన మా మామకు మాత్రం రెండు ముక్కలు, ఒకచోట ఎకరం ముప్పై గుంటలు, మరోచోట ఉత్త ముప్పై గుంటలు. నలభై గుంటలకు ఎకరం కనుక మొత్తం రెండెకరాల ఇరవై గుంటలని మనలో ఎవరైనా నోటితో చెప్పేస్తాం. కానీ ఆ ఇంట్లో ఒకరి నోటిని ఒకరు నమ్మే రోజులు కావవి. చేత్తో రాసి ఇస్తే ఆ చేయి ఎవరి వైపుదని అడుగుతారు. ముగ్గురూ ఒప్పుకున్నది ఒక్కటే: రెండంచులకూ చిల్లులున్న కంప్యూటర్ కాగితం. దాని మీద ఏమొస్తే అదే ధర్మం. మర్నాడు పొద్దున బావి దగ్గర కూర్చోవాలని మాట. కాగితం రాకపోతే మామకు తక్కువ నీళ్ళొచ్చే పాత వంతులే నడుస్తాయి, పొట్టకొచ్చిన మామ వరి ఇంకో వారం కూడా ఆగదు.

చిక్కేమిటంటే, గడుల్లో లెక్కలు వేసే స్ప్రెడ్‌షీట్‌కు గుంటలంటే ఏమిటో తెలియదు. ఎకరం ముప్పై గుంటలను మనం 1.30 అని రాస్తాం. 1.30 కి 0.30 కలపమంటే 1.60 అని సిగ్గులేకుండా చెబుతుంది. అందుకని నలభై దాటగానే ఎకరం చేసే సొంత ఫార్ములా ఒకటి, దానితో అందరి వంతులూ వేసే మాక్రో ఒకటి రాసి, ఫ్లాపీని చేతిరుమాలులో చుట్టుకుని కామారెడ్డి బస్సెక్కాను.

బావ కంప్యూటర్‌లో తెరిస్తే నా ఫార్ములా ఉన్న ప్రతి గడిలోనూ తప్పు గుర్తే. ఎవరో తెచ్చిన ఫ్లాపీతో ఒకసారి ఆయన ఫైళ్ళన్నీ పోయాయట, అప్పటి నుంచి మాక్రోల భద్రతను హై మీద పెట్టి కూర్చున్నాడు. అందులో మూడు మెట్లుండేవి: హై అంటే బయటివాడి మాక్రోను గడప తొక్కనివ్వదు, మీడియం అంటే అడిగి రానిస్తుంది, లో అంటే తలుపులు బార్లా తీసి పడుకుంటుంది. కాసేపు లో మీద పెట్టమని బతిమాలాను.

"నీ ఫ్లాపీల ఏం పురుగున్నదో నాకేం ఎరుక బామ్మర్ది? వైరస్ వస్తె నువ్వు ఇంటికి తోల్కపోతవా?" అన్నాడు. పైగా ఉపకారం చేస్తున్నట్టు నా ఫార్ములా చెరిపేసి మామూలు టోటల్ పెట్టాడు. "ఇగో, ఒకటి పాయింట్ అరవై. దీనికి మాక్రో ఎందుకు?"

అరవై గుంటలట! రెండున్నర ఎకరాల మా మామ ఆ ఒక్క నొక్కుడుతో వంతుల లెక్కలో ఎకరమున్నర చిల్లరకు దిగిపోయాడు. ఆ కాగితం బావి దగ్గరికి పోతే వరి పశువుల పాలే. నేను గొంతెత్తాను, ఆయన అంతకంటే ఎత్తాడు, నేర్చుకుంటున్న పిల్లలందరూ పని ఆపి మమ్మల్ని చూడసాగారు. వెనక ఇంట్లోంచి చాయ్ పట్టుకొచ్చిన అక్క, ఆ మూడు మెట్లేమిటో నన్నడిగి తెలుసుకుంది.

"పైది వద్దు, కిందిది వద్దు. నడుమది పెట్టుండ్రి. అది అడిగినప్పుడు రానియ్యమని చెప్పుండ్రి, అంతే గద?"

"నీకేం తెలుసే?" అన్నాడు బావ.

"మా మామ పొలం ఎండుతున్నదని తెలుసు. ఏటేటా ఆ పొలం బియ్యం తింటున్నవు, అప్పుడు యాదికి రాలేదా వైరస్?"

బావ మీడియం మీద పెట్టాడు. ఫైలు మూసి ఫ్లాపీలోంచి మళ్ళీ తెరిస్తే, మాక్రోలను రానివ్వనా ఆపనా అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. బావ కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కాడు. కళ్ళు మూసుకుంటే ఏమవుతుంది, ఆపు మీదే పడింది. మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచి, ఈసారి అక్క తన చేతిని ఆయన చేతి మీద వేసి నొక్కించింది. రెండెకరాల ఇరవై గుంటలు! ప్రింటరు కీచుమని అరుస్తూ కాగితం కక్కుతున్నంతసేపూ బావ పాము కోసం వెతికినట్టు తెరంతా వెతుకుతూనే ఉన్నాడు.

మర్నాడు బావి దగ్గర పెద్దాయన అక్షరాల జోలికి పోలేదు, అంచుల చిల్లులను వేలితో తడిమి చూశాడు. "మిషిన్ చెప్పినంక ఇగ మనమేమంటం, ఇడువుండ్రి నీళ్ళు" అన్నాడు. ఆ పూటే మా మామ మడిలోకి నీళ్ళు మళ్ళాయి, పంట చేతికొచ్చింది.

తర్వాత కొన్నేళ్ళకు ముగ్గురూ ఎవరి బోరు వాళ్ళు వేసుకున్నారు. వంతుల పేచీ తీరిందని నేనూ సంతోషించాను. కానీ ఆ పేచీ కోసమే కదా వాళ్ళు పొద్దున్నే బావి గడ్డ మీద చేరేది, తిట్టుకునేది, తిట్టుకుంటూనే ఒకరి అగ్గిపుల్లతో ఇంకొకరు బీడీ ముట్టించుకునేది! ఇప్పుడు వాళ్ళ కొడుకులు ఇంట్లో మంచం మీద నుంచే సెల్‌ఫోన్‌తో మోటారు వేస్తున్నారు. మొన్న అటువైపు పోతే మూడు పొలాల్లోనూ నీళ్ళు పారుతున్నాయి, గట్టు మీద పలకరించడానికి ఒక్క మనిషి లేడు.